లంకమల అడవిలో కలివికోడి జాడ ఏది?

కడప నుంచి సిద్ధవటం మీదుగా బద్వేలు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికునికి లంకమల కొండల పాదాన కనిపించేది ఏముంది? రాళ్ళు, కంపచెట్లు, కలివి పొదలు, వాటి మధ్య మేకల మందలు. అంతే. పెద్ద చెట్లు లేవు, జలపాతాలు లేవు. దీన్ని అడవి అనడానికే చాలామందికి నోరు రాదు. 'కంప' అంటారు. కొట్టి పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని బీడు అనుకుంటారు.

కాని ప్రపంచంలోని పక్షి శాస్త్రజ్ఞులందరికీ ఈ కంప పేరు తెలుసు. లండన్‌లోను, బొంబాయిలోను పెద్ద పెద్ద పండితులు మన రెడ్డిపల్లి ఊరి పేరును తమ వ్యాసాలలో రాసుకున్నారు. కారణం ఒక పిట్ట. మన పల్లెల్లో దాని పేరు కలివికోడి. శాస్త్రజ్ఞులు జెర్డాన్స్ కోర్సర్ అంటారు. ఈ పిట్ట గత నూరేళ్ళకు పైబడిన కాలంలో కడప జిల్లా కొండల పాదాన తప్ప మరెక్కడా బ్రతికి వున్నట్లు నిర్ధారణగా రుజువు కాలేదు. పులి అనేక రాష్ట్రాలలో వుంది. ఏనుగు అనేక దేశాలలో వుంది. కలివికోడి మాత్రం మనది. మనం పోగొట్టుకుంటే ప్రపంచం పోగొట్టుకున్నట్లే.

ఈ పిట్టను వెతకడానికి, అది ఏమి తింటుందో, ఎటువంటి పొదల మధ్య తిరుగుతుందో తెలుసుకోవడానికి సంవత్సరాల తరబడి ఈ కంపలో రాత్రింబవళ్ళు తిరిగిన పరిశోధక విద్యార్థుల కథ మన జిల్లావారికే సరిగా తెలియదు. అందుకే ఈ వ్యాసం.

ఉత్త తిత్తి

కలివికోడి పెద్ద పక్షి కాదు. ముక్కు నుంచి తోక దాకా కొలిస్తే జానెడు కంటే కొంచెం ఎక్కువ, సుమారు 27 సెంటీమీటర్లు. వళ్ళంతా మట్టి రంగు. రొమ్ము మీద రెండు పట్టెలు, గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ, కంటి పైన వెడల్పాటి తెల్లని గీత. ముక్కు మొదట పసుపు, కొస నలుపు. రాత్రిపూట తిరిగే పక్షి కనుక కళ్ళు పెద్దవి. ఎగరగలదు గాని ఎగరడానికి ఇష్టపడదు. అలికిడి అయితే పొదల మధ్య గబగబా పరుగెత్తుతుంది, లేదా కదలక నిలబడిపోతుంది. నిలబడిందంటే రెండు బారల దూరంలో వున్నవాడికి కూడా కనిపించదు. మట్టిలో మట్టి.

దీన్ని మొదట శాస్త్ర లోకానికి తెలియజేసినవాడు థామస్ జెర్డాన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో కూడా పనిచేశాడు. రోగులను చూడగా మిగిలిన కాలమంతా పిట్టలను, పాములను, చీమలను పరిశీలించడంలో గడిపేవాడు. అతనికి దొరికిన ఈ పక్షికి 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు లాటిన్ పేరు పెట్టాడు. జెర్డాన్‌కు ఒక మంచి అలవాటు వుండేది. ఏ పిట్ట గురించి రాసినా స్థానికులు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి రాసుకునేవాడు. ఈ పిట్టకు ఆనాటి తెలుగువారు చెప్పిన పేరు 'అడవి ఉత్త తిత్తి'. అంటే అడవిలోని ఖాళీ సంచి అన్నమాట. ఆ పేరు ఎందుకు వచ్చిందో గాని, తరువాత కాలంలో దాన్ని వెతకబోయిన వారందరికీ నిజంగానే ఉత్త తిత్తే మిగిలింది.

జెర్డాన్ తరువాత బ్లాన్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో, భద్రాచలం, సిరోంచ ప్రాంతాలలో దీన్ని చూశాడు. 1900 సంవత్సరంలో అనంతపురం దగ్గర హోవర్డ్ కాంప్‌బెల్ చూసినట్లు నమోదయింది. అంతే. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. వెతికినవారు లేక కాదు. వచ్చారు, వెతికారు, వట్టి చేతులతో వెళ్ళారు. పుస్తకాలలో ఈ పక్షి పేరు పక్కన 'అంతరించి వుండవచ్చు' అనే మాట చేరింది.

టార్చి వెలుగులో చిక్కింది

1980 దశకంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పక్షి కోసం మళ్ళీ అన్వేషణ మొదలుపెట్టింది. ఆ పని మీద వచ్చినవారిలో భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు వున్నాడు. ఆయన అనుసరించిన పద్ధతి చాలా సులువైనది. పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా తిరగడం. మేకల కాపరులను, కట్టెలు కొట్టేవారిని, వలలు పన్ని పిట్టలు పట్టేవారిని కూర్చోబెట్టి మాట్లాడడం. పుస్తకం రాసిన దొరలకు ఎనభై ఆరేళ్ళుగా కనిపించని పిట్ట అడవిలో తిరిగేవారికి కనిపించి వుండవచ్చు కదా అన్నది ఆలోచన.

ఆలోచన ఫలించింది. 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లి వద్ద పిట్టలు పట్టే ఒక స్థానికునికి రాత్రివేళ టార్చి వెలుగులో ఒక పిట్ట చేతికి చిక్కింది. బొమ్మలోని పిట్ట అదే. కబురు పరిశోధకులకు, అక్కడి నుంచి బొంబాయికి చేరింది. అప్పటికి తొంభయ్యో పడిలో అడుగు పెట్టబోతున్న సుప్రసిద్ధ పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ వయస్సును లెక్కచేయక కడపకు బయలుదేరి వచ్చారు. దురదృష్టవశాత్తు ఆ పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. కాని అది ఒంటరి పిట్ట కాదని, ఆ కంపలో దాని జాతి ఇంకా వుందని తరువాతి పరిశీలనల్లో తేలింది. ఎనభై ఆరేళ్ళ తరువాత కలివికోడి తిరిగి బ్రతికిన జీవుల జాబితాలోకి ఎక్కింది.

ఈ వార్త దేశాన్ని కదిలించింది. 1988లో కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ళ విడుదలయింది. అదే సంవత్సరంలో శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ, ఎర్రచందనం అంటూ ఎప్పుడూ వార్తల్లో వుండే ప్రాంతం ఒక పిట్ట మూలంగా వార్తలకెక్కడం అదే మొదటిసారి కావచ్చు.

అభయారణ్యం అయితే ఏర్పడింది. కాని అభయం ఎవరికి ఇవ్వాలో వారి గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఆ పిట్టలు ఎన్ని వున్నాయి? ఎక్కడెక్కడ వున్నాయి? ఏ పొద కింద పడుకుంటాయి? పొదలు కొట్టేస్తే వుంటాయా, పోతాయా? మేకలు మేస్తే నష్టమా, లాభమా? ఈ ప్రశ్నలకు జవాబులు లేకుండా ఎంత పెద్ద బోర్డు పాతినా ప్రయోజనం లేదు. పగలు కనపడదు, రాత్రి కనిపించినా క్షణంలో మాయమవుతుంది. ఇటువంటి పిట్టను లెక్కపెట్టడం ఎలా?

మట్టిపై అడుగుజాడలు

ఈ చిక్కుముడిని విప్పింది ఒక పరిశోధక విద్యార్థి, ఆయనకు తోడు నిలిచిన కొద్దిమంది స్థానికులు. ఈ శతాబ్ది ఆరంభంలో బొంబాయి సొసైటీ తరఫున పి. జగనాథన్ అనే యువకుడు ఈ కంపలోకి వచ్చాడు. బ్రిటన్‌లోని పక్షి పరిరక్షణ సంఘం, కేంబ్రిడ్జి, రీడింగ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ఈ పరిశోధనకు సహకరించారు. అటవీశాఖ అనుమతినిచ్చింది.

వారు కనిపెట్టిన ఉపాయం వింటే మన పల్లెటూరి రైతు నవ్వుతాడు. ఎందుకంటే దొంగ ఏ దారిన వచ్చాడో తెలుసుకోవడానికి మన పెద్దలు చేసే పని కూడా అదే. పొదల మధ్య ఖాళీ నేలను ఎంచుకుని, సన్నగా జల్లించిన మట్టిని సుమారు అయిదు మీటర్ల పొడవున పట్టీలా పరుస్తారు. అరచేతితోనో చెక్కతోనో నున్నగా చదును చేస్తారు. సాయంత్రం వదిలేసి వస్తారు. తెల్లవారి వెళ్ళి చూస్తారు. రాత్రి ఆ దారిన ఎవరు నడిచారో మట్టి చెబుతుంది.

చెప్పినంత సులువు కాదు. ఆ మట్టి మీద కలివికోడి ఒక్కటే నడవదు. కుందేలు నడుస్తుంది, కౌజు నడుస్తుంది, పూరేడు నడుస్తుంది, తీతువు పిట్ట నడుస్తుంది. మేకలు వచ్చి తొక్కేస్తాయి. వాన చినుకు పడితే పాఠం మొత్తం చెరిగిపోతుంది. అన్నిటిలోనుంచి కలివికోడి అడుగును గుర్తుపట్టాలి. దానికి ముందుకు చూసే మూడు వేళ్ళే వుంటాయి, వెనక వేలు వుండదు. కౌజుకు, పూరేడుకు వెనక వేలు వుంటుంది. మూడు వేళ్ళే కనిపించినా అడుగు మరీ పెద్దదయితే అది వేరే పిట్టది. కనుక ప్రతి గుర్తునూ కొలవాలి, బొమ్మ గీసుకోవాలి.

ఈ లెక్క తప్పు కాదని రుజువు చేయడానికి ఆ మట్టి పట్టీల పక్కనే ఆటోమేటిక్ కెమెరాలు బిగించారు. ఏ జీవి అయినా ముందు నుంచి వెళితే కెమెరా తనంతట తాను ఫోటో తీస్తుంది. ఫోటోలో కలివికోడి, మట్టిలో మూడు వేళ్ళ గుర్తు. రెండూ సరిపోయాయి. ఇక కెమెరా లేనిచోట కూడా గుర్తును బట్టి పిట్ట వచ్చిందని ధైర్యంగా చెప్పవచ్చు. ఈ పద్ధతి వివరాలు 2002లో 'ఓరిక్స్' అనే అంతర్జాతీయ శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. ఖరీదైన యంత్రాలు కొనలేని దేశాలలో కూడా ఇటువంటి రహస్య జీవులను పరిశీలించవచ్చునని ఈ పరిశోధన చూపించింది. జల్లెడ, మట్టి, ఓపిక వుంటే చాలు.

ఆ ఓపిక ఎంతటిదో ఆలోచించండి. పొద్దున్నే ఎండ ముదరకముందే పట్టీలన్నీ చూసి రావాలి. గుర్తులు రాసుకుని మళ్ళీ చదును చేయాలి. నడి ఎండలో పొదలు లెక్కపెట్టాలి. రాత్రి మళ్ళీ అడవిలోకి వెళ్ళాలి. లంకమల అంటే ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే కొండ. కాలికింద పాములు. కాలికి గుచ్చుకునే రేగుముళ్ళకు లెక్కే లేదు. ఒక వారం కాదు, ఒక నెల కాదు, ఏళ్ళ తరబడి. పదిరోజుల శ్రమకు ఒక్క అడుగుగుర్తు దొరికినా పండుగే.

పొద్దు గుంకిన ముప్పావు గంటకు

కలివికోడి కూత ఎలా వుంటుందో అప్పటి దాకా ఎవరూ రికార్డు చేయలేదు. జెర్డాన్ దగ్గర నుంచి లెక్కవేస్తే నూట యాభై ఏళ్ళుగా ఈ పిట్ట గొంతు శాస్త్ర లోకానికి అందలేదన్నమాట. పొదల మధ్య రాత్రులు గడిపిన ఈ బృందానికి ఆ గొంతు కూడా దొరికింది. రెండు అక్షరాల చిన్న కూత. ట్విక్-టూ, ట్విక్-టూ అంటూ వెంటవెంటనే వినిపిస్తుంది. పొద్దు గుంకిన ముప్పావు గంటకు మొదలవుతుంది. కొద్ది నిమిషాలు సాగి ఆగిపోతుంది. ఒక పిట్ట కూస్తే దూరంగా మరొకటి బదులు పలుకుతుంది. ఆ కొద్ది నిమిషాలు దాటితే మళ్ళీ మరునాటి దాకా ఎదురు చూడాల్సిందే.

ఇన్నాళ్ళూ వెతికినవారికి ఎందుకు దొరకలేదో దీనితో కొంత అర్థమయింది. దుబాసీలను, బంట్రోతులను వెంటబెట్టుకుని పగటిపూట తుపాకితో తిరిగినవారికి ఈ కూత వినిపించే అవకాశమే లేదు. రాత్రి వచ్చినవారు కూడా ఆ కొద్ది నిమిషాలలో ఆ చోట వుండాలి, అది ఈ పిట్ట కూతే అని తెలిసి వుండాలి.

కూత రికార్డు కావడంతో వెతికే పని మారిపోయింది. రికార్డును అడవిలో వినిపించి, బదులు వస్తుందేమో చెవి ఒగ్గి వినవచ్చు. మట్టి పట్టీలు, కెమెరాలు, కూత, ఈ మూడు సాధనాలు నేటికీ ఈ పక్షి పరిశోధనకు పునాది.

ఎకరాకు ఎన్ని పొదలు?

ఈ పరిశోధనలో రైతులకు, అధికారులకు అన్నిటికన్నా పనికివచ్చే భాగం పొదల లెక్క. దట్టమైన కంపలో, పలచని కంపలో, పొదలు కొట్టేసిన చోట, అన్నిచోట్లా మట్టి పట్టీలు పరిచారు. ప్రతి పట్టీ చుట్టూ ఎన్ని పొదలు వున్నాయో, ఎంత ఎత్తు వున్నాయో లెక్క కట్టారు. ఏ పట్టీల మీద గుర్తులు పడ్డాయి, ఏ పట్టీల మీద పడలేదు అన్నది పక్కపక్కన పెట్టి చూశారు. అప్పుడు పిట్ట మనసులోని మాట బయటపడింది.

రెండు మీటర్ల కంటే ఎత్తయిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు వున్నచోట్ల ఈ పిట్ట వుండే అవకాశం ఎక్కువ. మన ఎకరాల లెక్కలో చెప్పాలంటే ఎకరాకు సుమారు 120 నుంచి 280 పొదలు. చిన్న పొదలు మాత్రం హెక్టారుకు వెయ్యికి, అంటే ఎకరాకు సుమారు 400కు మించకూడదు. దీని అర్థం ఏమిటి? పిట్టకు తలదాచుకోవడానికి పెద్ద పొదలు కావాలి. పరుగెత్తడానికి, చెదలను చీమలను ఏరుకుని తినడానికి పొదల మధ్య ఖాళీ నేల కూడా కావాలి. పూర్తిగా మూసుకుపోయిన కంప పనికిరాదు. పూర్తిగా నరికేసిన బీడూ పనికిరాదు.

ఇక్కడే ఒక మెలిక వుంది. మేకలను, గేదెలను పూర్తిగా తరిమేసి చుట్టూ కంచె వేస్తే పిట్ట సుఖపడుతుందని పైకి చూస్తే అనిపిస్తుంది. కాని పశువులు మితంగా మేయడం వల్లనే చిన్న పొదలు అదుపులో వుండి నేల తెరిపిగా వుంటుంది. పశువులు మితిమీరినా, వంటచెరకు కోసం పెద్ద పొదలను మొదలంటా నరికినా ముప్పే. అంటే తరతరాలుగా ఈ కొండల పాదాన మేకలు కాచుకుంటున్న కాపరికీ ఈ పిట్టకూ వైరం లేదు. ఇద్దరూ ఒకే కంప మీద ఆధారపడి బ్రతుకుతున్నారు. అడవిని కాపాడడం అంటే మనిషిని వెళ్ళగొట్టడం అనుకునేవారు ఈ లెక్కను ఒకసారి చదవాలి.

అసలు ముప్పు మరో వైపు నుంచి వచ్చింది. కంపను బుల్డోజర్లతో చదును చేసి నిమ్మ తోటలు, పొలాలు వేయడం పెరిగింది. సోమశిల జలాశయం కింద ముంపుకు గురైన పల్లెల ప్రజలకు కూడా ఈ చుట్టుపక్కలే పునరావాసం కల్పించారు. ఇల్లు, పొలం పోగొట్టుకున్న వారికి చోటు చూపవలసిందే. వారిని తప్పు పట్టడానికి లేదు. కాని ప్రభుత్వం భూమి కోసం చూసినప్పుడల్లా ముందుగా కంటపడేది ఈ కంపే కావడం విచారకరం. ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులకు ఈ కంప ఏటేటా తరిగిపోతున్న సంగతి స్పష్టంగా కనిపించింది.

కాలువ దారి మళ్ళింది

2005 అక్టోబరులో ఈ పరిశోధనకు అసలైన పరీక్ష ఎదురయింది. తెలుగుగంగ కాలువ తవ్వకానికి వచ్చిన భారీ యంత్రాలు కలివికోడి తిరిగే కంపలోకి ప్రవేశించాయి. అభయారణ్యం భూమిలో అనుమతి లేకుండా తవ్వకం జరుగుతున్నట్లు పరిశోధకులు గమనించారు.

తెలుగుగంగ అంటే మామూలు కాలువ కాదు. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణా జలాలను మద్రాసు నగరానికి తాగునీటి కోసం తీసుకువెళ్ళే పథకం అది. దారిలో రాయలసీమ, నెల్లూరు పొలాలకు నీరు ఇవ్వాలన్నది మన ప్రాంతపు ఆశ. నీటి చుక్క కోసం ఆకాశం వైపు చూసే కడప రైతుకు కాలువ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఒక పిట్ట కోసం కాలువ ఆపుతారా అని అడిగినవారు ఆనాడు లేకపోలేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు వారికి వుంది.

జవాబు చెప్పే శక్తి మాత్రం విద్యార్థి పుస్తకంలోని లెక్కకు వచ్చింది. ఎక్కడ గుర్తులు దొరికాయి, ఏ పొదల మధ్య పిట్ట తిరుగుతుంది, కాలువ గీత ఆ పొదలను ఎక్కడ కోస్తుంది అన్నది పటం మీద వేలు పెట్టి చూపించగలిగారు. అటవీశాఖ పనులను ఆపించింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది. చివరకు కాలువ మార్గాన్ని మార్చారు. కాలువ ఆగలేదు, దారి మళ్ళింది. రైతుకు నీరు కావాలి, పిట్టకు పొద కావాలి. రెండూ సాధ్యమేనని తేలింది.

ఆ లెక్క ముందుగా లేకపోతే ఏమయ్యేది? పిట్ట వుందో లేదో తెలియని కంపను తవ్వడానికి ఎవరు అడ్డు చెప్పేవారు? మట్టి జల్లించి అడుగులు కొలిచే చదువు ఎందుకు పనికొస్తుందని అడిగేవారికి ఇంతకు మించిన సమాధానం అక్కరలేదు.

కొండల్లో ఇంకా ఎన్నో

కలివికోడి ఒక్కటే కాదు. లంకమల, పాలకొండలు, వెలికొండలు, శేషాచలం, నల్లమల, ఈ కొండల వరుసలన్నీ తూర్పు కనుమలలోని భాగాలే. పడమటి కనుమలంత ఎత్తు లేవు, అంత వానా లేదు. అందుచేత శాస్త్రజ్ఞుల చూపు చాలాకాలం వీటి మీద పడలేదు. కాని ఎండకు, కరువుకు ఓర్చుకున్న జీవులకు ఇవి పుట్టిల్లు.

ఎర్రచందనం సంగతి అందరికీ తెలిసిందే. సహజంగా పెరిగేది ఈ కొండల్లోనే. ఈతచెట్టును పోలిన సైకస్ బెడ్డోమై అనే అతి ప్రాచీన జాతి మొక్క తిరుపతి, కడప కొండలకే పరిమితం. తిరుమల కొండల్లోని జలపాతాల దగ్గర రాతి పగుళ్ళలో బంగారు బల్లి వుంది. 1870లో బెడ్డోమ్ అనే అధికారి దీన్ని వర్ణించాడు. రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా పాకే దేవాంగ పిల్లి వుంది. రాతి గుట్టల మీద తిరిగే పసుపు గొంతు పికిలి పిట్ట వుంది. 2010లో శేషాచలం కొండలను సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల మేరకు జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క విద్యార్థికి జీవితకాలపు పాఠం కాగలదు. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వుంది. కడపలో 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయం వుంది. వాటి తరగతి గదుల కిటికీలు తెరిస్తే కొండలు కనిపిస్తాయి. హిమాలయాలకు వెళ్ళి పరిశోధన చేయాలంటే లక్షలు కావాలి. మన కొండకు సిటీ బస్సు టిక్కెట్టు చాలు. అయినా జంతుశాస్త్రం చదివే మన పిల్లల్లో కలివికోడి పేరు విననివారే ఎక్కువగా వుంటే ఆశ్చర్యపోనక్కరలేదు. పాఠ్యపుస్తకంలో ఆఫ్రికా సింహం వుంటుంది, ఆస్ట్రేలియా కంగారు వుంటుంది. ఇంటి వెనక కొండలోని పిట్ట వుండదు.

సుదీర్ఘ మౌనం

ఇంత శ్రమ పడిన తరువాత కథ సుఖాంతం కావలసింది. కాలేదు. 2010 ప్రాంతం నుంచి కలివికోడి మళ్ళీ మౌనం వహించింది. వెతికారు. కెమెరాలు పెట్టారు. పొద్దు గుంకాక చెవులు రిక్కించి కూర్చున్నారు. పదిహేనేళ్ళ పాటు నిర్ధారణ అయిన జాడ ఏదీ దొరకలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఇది 'తీవ్ర ప్రమాదంలో వున్న' జాతిగా వుంది. అంతరించిపోవడానికి ముందు మెట్టు అదే.

ఈ మధ్యలో ఎక్కడో స్కాట్లండులో ఒక విచిత్రం జరిగింది. అబెర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలో ఒక గుడ్డు దొరికింది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పశువైద్యుడిగా పనిచేసిన మీటన్ అనే ఆయన సేకరించినది. పాత నమూనాతో పోల్చి పరీక్షించగా అది కలివికోడి గుడ్డేనని 2013లో తేల్చారు. ప్రపంచంలో తెలిసిన కలివికోడి గుడ్డు అదొక్కటే. ఈ పిట్ట గూడు ఎలా పెడుతుందో, పిల్లలను ఎలా సాకుతుందో శాస్త్ర గ్రంథాలలో దాదాపు ఏమీ లేదు. మనింటి పిట్ట గుడ్డు చూడాలంటే మనం స్కాట్లండు వెళ్ళాలి.

చివరకు 2025 ఆగస్టులో ఒక చల్లని కబురు వినవచ్చింది. కడప జిల్లా కంపలో రాత్రివేళ కాపు కాసిన కొందరు పక్షి ప్రేమికులకు కలివికోడి కూత వినిపించిందని, దాన్ని రికార్డు చేశారని పత్రికలు ప్రకటించాయి. రెండు అక్షరాల కూత. పొదల చాటున ఆ పిట్ట ఇంకా వుందన్నమాట. ఆ కూతను గుర్తుపట్టగలిగారంటే కారణం, ఇరవై ఏళ్ళ కిందట ఒక విద్యార్థి ఇదే కంపలో రాత్రులు మేల్కొని దాన్ని పట్టి వుంచడమే.

చేయవలసినది

సంతోషించి ఊరుకుంటే చాలదు. 1986లో కూడా ఇలాగే సంతోషించాము.

మొదటిది, కంపను బీడుగా లెక్కకట్టే అలవాటు రెవిన్యూ కాగితాల నుంచి పోవాలి. అభయారణ్యం హద్దుకు బయట, పల్లెల చుట్టూ వున్న కంపలో కూడా ఈ పిట్ట వుండవచ్చు. ఆ భూమిని పంపకానికో, తోటలకో, గనులకో ఇచ్చే ముందు ఒక్కసారి పరిశీలన జరిపించడం కష్టమైన పని కాదు. పద్ధతి తెలిసిందే, ఖర్చూ తక్కువే.

రెండవది, జిల్లాలోని కాలేజీలు, విశ్వవిద్యాలయాలు ఈ పనిని తమదిగా భావించాలి. రాత్రిపూట అడవిలో తిరగడానికి అటవీశాఖ అనుమతి కావాలి. ఎర్రచందనం దొంగల బెడద వున్న కొండల్లో అధికారులు జాగ్రత్తపడడం న్యాయమే. కాని అధ్యాపకుని వెంట, అటవీ సిబ్బంది తోడుతో, క్రమబద్ధంగా వెళ్ళే విద్యార్థి బృందాలకు ద్వారం తెరవాలి. ఒకరు వచ్చి డాక్టరేటు తీసుకుని వెళ్ళడంతో ఆగిపోయే పని కాదిది. ఏటా పొదలు లెక్కపెట్టాలి, ఏటా కూత వినాలి. ఒక తరం విద్యార్థులు పుస్తకాన్ని మరో తరానికి అప్పగించాలి. బయటివారు ఎంతకాలం వచ్చి చేస్తారు?

మూడవది, పల్లెవారిని మరవరాదు. 1986లో ఈ పిట్టను చేతికి అందించినవాడు పట్టభద్రుడు కాదు, వలపన్ని పిట్టలు పట్టుకునే పేదవాడు. పరిశోధకులకు దారి చూపినవారు, మట్టి జల్లించినవారు, రాత్రులు తోడు నిలిచినవారు స్థానికులే. ఆ కాపరికి, ఆ కూలీకి ఈ పనిలో జీతం, మర్యాద రెండూ వుండాలి. కంప నరకకుండా పొయ్యి వెలిగే మార్గం చూపాలి. అప్పుడు కాపలా పెట్టవలసిన అవసరమే వుండదు.

లంకమల పాదాన ఈ రాత్రి కూడా పొద్దు గుంకుతుంది. ముప్పావు గంట గడుస్తుంది. వినేవారు వుంటే వినిపించవచ్చు. వినేవారు మన జిల్లా పిల్లలే కావాలని కోరుకుందాం.